డెబ్బై ఒక్క డిగ్రీలు

గోపాలపట్నంలో హైవే దిగి రెండు సందులు లోపలికొస్తే దేవదానం వర్క్‌షాపు కనిపిస్తుంది. బోర్డు మీద రెండు పేర్లుంటాయి: దేవదానం, మిరియం. మిరియం దేవదానం భార్య జయమణికి చెల్లెలు. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో సర్వీసు సెంటర్లో కొన్నేళ్లు చేసి, పెళ్లయ్యాక విశాఖ వచ్చి బావతో కలిసింది. ఖరీదైన విదేశీ కార్లున్నవాళ్లు నగరంలో నాలుగు చోట్లా తిరిగి చివరికి ఇక్కడికి రావడం మొదలై చాలాకాలమైంది. బావ చెయ్యి పడితే బండి మళ్లీ రిపేరుకి తిరిగిరాదని పేరు. ఆ పేరంటే మిరియంకి బావకన్నా ఎక్కువ గర్వం.

మే నెల ఎండలో ఒక ఉదయం, దేవదానం తగరపువలసలో ఆగిపోయిన బండి చూడ్డానికి వెళ్లిన కాసేపటికి, పసుపు రంగు స్పోర్ట్స్ కారొకటి సందులోకి వచ్చి ఆగింది. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే ముక్కు. దిగినాయనకి యాభై దాటుంటాయి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా.

"దేవదానం గారు లేరా?" అని అడిగాడు.

"తగరపువలస వెళ్లారు సార్. సాయంత్రానికి వస్తారు."

లేడని తెలిస్తే ఎవరైనా మళ్లీ వస్తామంటారు. ఈయన మాత్రం లేకపోవడమే కావాలన్నట్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేరు గురునాథరావు అని చెప్పాడు. ఏం చేస్తారో చెప్పలేదు.

"థర్మోస్టాట్ మార్చాలమ్మా. చల్లటిది కావాలి. డెబ్బై ఒకటిది."

మిరియం ఆయన మొహంలోకి చూసింది. ఏసీ చల్లగా రావడం లేదనో, ఇంజను వేడెక్కుతోందనో చెప్పేవాళ్లే గానీ, థర్మోస్టాట్ అంకె పలికే కస్టమరు ఆమెకి ఇంతవరకూ తగల్లేదు.

"ఈ ఇంజనుకి కంపెనీ వేసేది ఎనభై మూడుది సార్. డెబ్బై ఒకటి ఎందుకు?"

"ఎండలు చూస్తున్నావు కదా. బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఆగితే వేడి చూపించే ముల్లు పైకెక్కిపోతోంది."

"థర్మోస్టాట్ అంటే తలుపు లాంటిది సార్. లోపల మైనం ఉంటుంది. నీళ్లు వేడెక్కి మైనం కరిగితే తలుపు తెరుచుకుని నీళ్లు రేడియేటర్‌కి వెళ్తాయి. డెబ్బై ఒకటిది కాస్త ముందు తెరుచుకుంటుంది, అంతే. చల్లబరిచేది అది కాదు. వేడి ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా తలుపు మారిస్తే, ముల్లు కాసేపు కింద ఉండి తర్వాత మళ్లీ ఎక్కుతుంది."

"కాసేపు ఉంటే చాలు," అన్నాడాయన నెమ్మదిగా. "ఆదివారం కారు చూడ్డానికి ఒకరొస్తున్నారు. అలా రుషికొండ దాకా వెళ్లి వచ్చేలోగా ముల్లు లేవకుండా ఉంటే చాలు."

ఆ మాటంటూ ఆయన మిరియం కళ్లలోకే చూస్తున్నాడు.

ఆమెకి అప్పుడు తట్టింది. ఇంజనులో ఏదో పెద్ద రోగముంది. దాన్ని కప్పెట్టి, ఎవడో అమాయకుడికి అంటగట్టాలని చూస్తున్నాడు. ఆ అమాయకుడు నెల తిరక్కుండా నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కుతున్న కారు పక్కన నిలబడతాడు. బానెట్ తెరిచి ఎవరు వేశారిది అని అడిగితే, గోపాలపట్నంలో మిరియం అనే ఆవిడ వేసిందని చెబుతారు.

"ముందు ఎవరు చేశారు సార్ ఈ బండి?"

"అక్కడా ఇక్కడా."

"ఇంజను హెడ్డు ఎప్పుడైనా విప్పారా?"

"నాకేం తెలుస్తుందమ్మా అవన్నీ. నువ్వు పని చూడు."

పొమ్మనడానికి ఆమె నోరు తెరవబోయింది. కానీ పొమ్మంటే ఇంకో షాపుకి పోతాడు, అక్కడ అడక్కుండా వేసేస్తారు. అసలు రోగమేమిటో తెలుసుకుందామని ఇంజను చల్లారేదాకా ఆగింది. ఆయన కుర్చీ జరుపుకుంటూ వచ్చి ఆమె భుజం పక్కనే కూర్చున్నాడు. స్పానర్ తీసినా, గుడ్డ తీసినా ఆయన చూపు ఆమె చేతుల మీదే.

పైపు వదులు చేసి, థర్మోస్టాట్ మూత మీద గ్రీజు తుడిచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. బోల్టుల తలల మీద తెల్ల పెయింటు చుక్కలు. బిగించడం పూర్తయిన బోల్టు మీద సన్నటి కుంచెతో చుక్క పెట్టడం చాలామందికి అలవాటే. అయితే సరిగ్గా అంచున, చిన్న తోకతో, కామాలా పెట్టే మనిషి ఆమెకి తెలిసి ఒక్కడే.

ఏమీ ఎరగనట్టు బోల్టులు విప్పింది. మూత తీసి ఇత్తడి బిళ్లలా ఉన్న థర్మోస్టాట్‌ని బయటికి లాగింది. దాని అంచు మీద అచ్చు గుద్ది ఉంది: 71.

ఉన్నదే డెబ్బై ఒకటి. మళ్లీ డెబ్బై ఒకటి వెయ్యమంటున్నాడు. వేసినవాడు బావ.

"ఎంతదమ్మా అది?" వెనకనుంచి గొంతు.

మిరియం బిళ్లని అరచేతిలో బోర్లించింది. "రాత చెరిగిపోయింది సార్."

ఆయన కుర్చీలోంచి లేచాడు. సెల్‌ఫోన్ తీసి తిరిగిన కిలోమీటర్లు ఫొటో తీసుకున్నాడు. బానెట్ లోపల ఒకటి, బండి నాలుగు వైపులా నాలుగు. పార్టు హైదరాబాదు నుంచి రావాలి, కారు ఇక్కడే ఉంచాలి అని మిరియం చెబితే, ఉంచాలా అని రెండుసార్లు అడిగాడు. ఆటో ఎక్కాక కూడా తల బయటికి పెట్టి కారు వైపే చూశాడు.

వర్క్‌షాపు పైనే జయమణి వాళ్ల ఇల్లు. మిరియం మెట్లెక్కి వంటింట్లోకి వెళ్లి పాలగిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. బిళ్లని తీగకి కట్టి నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు ముంచింది.

జయమణి బాల్కనీలో బట్టలు ఆరేసి లోపలికి వస్తూ గిన్నె చూసి ఉలిక్కిపడింది. "నా పాలగిన్నెలో ఏటే అది? ఇనప సామాను ఉడకెడతన్నావేటి?"

"ఇనుము కాదక్కా, ఇత్తడి. తోమిచ్చేస్తాను."

"తోమినా నానింక దాన్లో పాలు కాయను." చేతిలో బుట్ట కింద పెట్టి, మామూలుగానే అడిగింది. "ఆ పసుపు కారు మళ్లీ వచ్చినాదేటే?"

మిరియం చూపు థర్మామీటరు మీదే ఉంది. "మళ్లీయా?"

"నువ్వు పిల్లదాన్తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇక్కడే ఉండీది. ఇంజనంతా విప్పీసి పరిసినారు. మీ బావ పగలంతా నీ కాడ, పొద్దుగూకితే దీని కాడ. ఆ కారాయన ఫోన్ల మీద ఫోన్లు. ఎక్కడికో ఎల్లాలంట, ఆగడంట."

గిన్నెలో బిళ్ల నోరు తెరిచింది. థర్మామీటరు డెబ్బై ఒకటి దాటింది. ఏ లోపమూ లేని థర్మోస్టాట్.

నవంబరు నెల గుర్తొచ్చింది మిరియంకి. నెలలు నిండకుండా పాప పుట్టడం, గాజుపెట్టెలో పెట్టడం, తన భర్త ఉద్యోగం మీద ఎక్కడో ఓడలో ఉండడం, వార్డు బయట బల్ల మీద బావ చొక్కా తలకింద పెట్టుకుని పడుకోవడం. అప్పుడు ఆయన గోళ్లలో గ్రీజు ఉండేది. నర్సు చేతులు కడుక్కోమని కేకలేసేది.

కిందికి వచ్చి పాత బిళ్లనే మళ్లీ బిగించి, నీళ్లు నింపి, ఇంజను స్టార్టు చేసింది. నీళ్ల ట్యాంకు మూతి మీద గాజు గొట్టం పెట్టి అందులో నీలం మందు పోసింది. కాలిన పెట్రోలు పొగ నీళ్లలోకి చేరుతుంటే ఆ నీలం పసుపవుతుంది. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు సరిగ్గా కూర్చోని ఇంజనులోనే అలా జరుగుతుంది.

చూస్తుండగానే నీలం ఆకుపచ్చై, పసుపైంది.

ఇంజను ఆపేసింది. షెడ్డులో ఇంకా మూడు కార్లున్నాయి, ఒకటి స్టీలు ప్లాంటు డాక్టరు గారిది. అన్నిటి మీదా బావ పెట్టిన తెల్ల చుక్కలే. నిన్నటిదాకా ఆ చుక్క కనిపిస్తే ఆమె రెండోసారి చూసేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క బానెట్టూ తెరిచి, టార్చి వేసి, చుక్క పెట్టిన బోల్టులన్నీ స్పానరుతో పట్టి చూసింది. ఒక్కటి కూడా వదులు లేదు. అయినా ఆమెకి నమ్మకం కుదరలేదు. పైకి కనిపించే బోల్టులు సరే, లోపలివో?

సాయంత్రం ఎండ తగ్గుతుండగా దేవదానం స్కూటరు మీద వచ్చాడు. పసుపు కారు చూసి, స్టాండు వెయ్యకుండా అలాగే నిలబడిపోయాడు.

"ఎవులు తెచ్చినారు?"

"గురునాథరావు గారంట. థర్మోస్టాట్ మార్చమన్నాడు బావా. డెబ్బై ఒకటిది."

"మరింకేటి. మార్చీ."

"దాన్లో ఉన్నదీ డెబ్బై ఒకటే."

"పాడైపోయుంటాది." స్కూటరుకి స్టాండు వేశాడు. వంగిన తల ఎత్తలేదు.

"అక్క గిన్నెలో ఉడకబెట్టి చూశాను. బాగానే తెరుచుకుంటంది." పసుపు మందున్న గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టింది. "బాగోనిది ఇది."

దేవదానం గొట్టం వైపు చూసి, పనిముట్ల సంచి దించి, దాని పక్కనే కూలబడ్డాడు. చర్చిలో సంఘపెద్ద ఆయన. పాటల పుస్తకం తెరవకుండానే పాటలు ఎత్తే మనిషి. ఆయన మాట కోసం ఎదురుచూడ్డం మిరియంకి ఇదే మొదటిసారి.

"హెడ్డు బోల్టులు కొత్తవి రాడానికి మూడు వారాలన్నారు," అన్నాడు చివరికి. "ఆయన ఆగనన్నాడు. పాతవే ఎక్కించీసినాను."

"అవి ఒక్కసారికే బావా. ఒకసారి బిగిస్తే సాగిపోతాయి, మళ్లీ వేస్తే హెడ్డుని గట్టిగా పట్టి ఉంచలేవు. లారీ బోల్టుల్లాంటివి కావు."

"తెలుసు. నువ్వే సెప్పినావు ఓపాలి."

తెలియక చేశానంటాడని ఆమె అనుకుంది. అలా అనుంటే కొంత తేలిగ్గా ఉండేది.

"మరి ఆయనకి చెప్పవలసింది."

"మొదటిసారి ముల్లెక్కిందని ఫోన్ సేసినప్పుడే సెప్పీదారనుకున్నాను. ఆయనే అన్నాడు, ఎండలెక్కువ కదా అని. ఔనన్నాను. ఔననీసినాక..." చేతులు చూసుకున్నాడు. "ఆళ్లింటికెల్లి డెబ్బై ఒకటి ఎట్టొచ్చినాను. కొన్నాళ్లు ఊరుకున్నాది. మళ్లీ ఎక్కతందంటే, మళ్లీ అదే రకం కొత్తది ఎట్టీదామన్నాను."

ఆస్పత్రి మాట ఎత్తుతాడేమోనని మిరియం భయపడింది. పగలు నీకోసం, రాత్రి దానికోసం, నిద్రలేక చేశాను అంటే ఏం జవాబు చెప్పాలో ఆమెకి తెలీదు. ఆయన ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

"నువ్వూరుకో మిరియం. కొత్తది ఎట్టీ. వానలు పడితే సల్లబడతాది. అప్పుడు ఏదో వంక సెప్పి విప్పీసి, కొత్త బోల్టులు నానే ఎక్కించీత్తాను. ఆయనకి తెలీదు, నీకూ మాట రాదు."

ఆమె వెంటనే కాదనలేదు. నిజానికి పొద్దున బిళ్లని బోర్లించినప్పుడే సగం ఒప్పేసుకుంది. ఈ మనిషి లేకపోతే నవంబరులో తనకెవరున్నారు? వానలదాకా ఆగితే ఎవరి ప్రాణం పోతుంది?

"ఆయన అమ్మేత్తన్నాడు బావా. ఆదివారం ఎవరో చూడ్డానికొత్తన్నారంట."

దేవదానం తలెత్తాడు. "కొనీవోళ్లా?"

"ఊఁ."

"ఎవులో ఏటో. నా పని ఆడి నెత్తి మీద పడతాదన్నమాట." లేచి, కారు దగ్గరికెళ్లి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత చేతులు కూడా కడుక్కోకుండా మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లిపోయాడు. వెయ్యమనలేదు, వద్దనలేదు.

మిరియం ఫోన్ తీసి గురునాథరావుకి కలిపింది. "సార్, రేపు ఉదయం ఒకసారి రండి. థర్మోస్టాట్ గురించి కాదు. ఫోన్లో చెప్పే మాట కాదు."

"వస్తాను," అన్నాడాయన.

మర్నాడు ఆయన వచ్చేసరికి దేవదానం ఉతికిన చొక్కా వేసుకుని షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. మిరియం నోరు తెరిచేలోపే, "నాను సెప్తాను," అన్నాడు. పాత బోల్టుల సంగతి, డెబ్బై ఒకటి సంగతి, అంతా చెప్పాడు. ఎక్కడా సాకు పెట్టలేదు. గురునాథరావు కుర్చీలో కూర్చుని, మధ్యలో అడ్డు పడకుండా విన్నాడు.

"ఆదివారం ఎవరూ రావడం లేదు," అన్నాడు అంతా అయ్యాక. "నేను కారు అమ్మడం లేదు."

మిరియంకి అర్థం కాలేదు.

"పోర్టులో కస్టమ్స్ క్లియరింగ్ చేస్తానమ్మా నేను. సీలు పగలని కంటెయినర్లో సరుకు మారిపోవడం చూసినవాణ్ణి. మొదట ఎండలవల్లేనా అంటే ఈయన ఔనన్నాడు, నమ్మాను. రెండోసారీ అదే మందు రాస్తే అనుమానం రాదా? ఒకరి మాట మీద నమ్మకం లేకపోతే పక్కవాణ్ణి అడగాలి. అందుకే ఈయన లేనప్పుడు చూసి వచ్చాను. రోగం దాచి అమ్ముతానంటే నువ్వేం చేస్తావో చూద్దామనుకున్నాను." ఆగి, ఆమె వైపు తిరిగాడు. "అడ్డు ప్రశ్నలు వేశావు, బాగుంది. కానీ ఎంతదని అడిగితే రాత చెరిగిపోయిందన్నావు. దాన్లో డెబ్బై ఒకటి ఉందని నాకు తెలుసు. నా ఎదురుగానే కదా ఈయన వేశాడు."

మిరియం మొహం వేడెక్కింది. "అబద్ధం చెప్పాను సార్."

"ఇంటికెళ్తూ ఇద్దరూ ఒకటేననుకున్నాను. తెల్లారగానే వచ్చి బండి లాక్కుపోడానికి మనిషిని కూడా మాట్లాడాను. సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు."

బండి లాక్కుపోతాడనే ఇద్దరూ అనుకున్నారు. ఆయన లేచి కారు చుట్టూ తిరిగి వచ్చి, "ఇక్కడే విప్పండి," అన్నాడు. "నేను కూర్చుని చూస్తాను."

అన్నట్టే చేశాడు. కొత్త బోల్టులు ఓడ దిగి చేరడానికి మూడు వారాలకన్నా ఎక్కువే పట్టింది. అవి వచ్చాక పని జరిగిన ప్రతి రోజూ ఆయన ఆఫీసు మానుకుని, కుర్చీ వేసుకుని షెడ్డులో కూర్చున్నాడు. హెడ్డు చదును చేయించడానికి తీసుకెళ్తే వెనకే వెళ్లాడు. దేవదానం బోల్టులు ఎక్కించేటప్పుడు, ఎన్నోది, ఎంత తిప్పారు, అని అడుగుతూనే ఉన్నాడు. దేవదానం విసుక్కోకుండా ప్రతిదానికీ జవాబు చెప్పాడు. మధ్యాహ్నం జయమణి టీ పంపితే గురునాథరావు మొదటిరోజు వద్దన్నాడు. తర్వాత తాగాడు.

థర్మోస్టాట్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ పంచాయితీ. మిరియం రెండు రకాలూ తెప్పించి బల్ల మీద పెట్టింది.

"ఎనభై మూడంటే వేడి ఎక్కువ కదమ్మా? మన ఎండలకి డెబ్బై ఒకటి మంచిది కాదా?"

"ఇంజనుకి కూడా ఒక వేడి ఉండాలి సార్. మరీ చల్లగా నడిస్తే ఆయిల్లో చేరిన తేమ ఎగరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల తొందరగా అరుగుతుంది. రేసుల్లో తిప్పేవాళ్లకి చల్లటిది పనికొస్తుందేమో. మీరు వెళ్లేది ఎంవీపీ కాలనీ నుంచి పోర్టు దాకా."

ఆయన అప్పటికీ నమ్మలేదు. జయమణి వదిలేసిన పాలగిన్నె కిందికి వచ్చింది. నీళ్లు కాగుతుంటే థర్మామీటరు ఆయనే పట్టుకున్నాడు. డెబ్బై ఒకటిది చెప్పిన చోటే తెరుచుకుంది. ఎనభై మూడుది వేస్తే నీళ్ల వేడి ఎనభై మూడు దాటింది, ఎనభై ఎనిమిది దాటింది, బిళ్ల కదల్లేదు. తొంభై దాటాక ఎప్పటికో బద్ధకంగా నోరు తెరిచింది.

"ఇది వద్దు," అంది మిరియం. "తిప్పి పంపేస్తాను."

"కొత్తది కదా? డబ్బా మీద ముద్ర కూడా ఉంది."

"ఉంటే ఉంది సార్."

గురునాథరావు మొదటిసారి నవ్వాడు. "నా ఆఫీసులో ఉండాల్సినదానివి."

రెండోసారి వచ్చిన బిళ్ల సరిగ్గా ఎనభై మూడు దగ్గర తెరుచుకుంది. దాన్ని ఆయనే తీసి దేవదానం చేతికిచ్చాడు. డెబ్బై ఒకటిది డబ్బాలో పెట్టేసి, "ఇది నాకొద్దు, మీ దగ్గరా ఉంచకండి," అన్నాడు.

అంతా బిగించాక నీలం మందు పెట్టి చూశారు. నీలం నీలంగానే ఉంది. అది చాలదన్నాడాయన. ఎండ నడినెత్తి మీదున్నప్పుడు సింహాచలం కొండ ఎక్కించి చూడాలన్నాడు. తాళం మిరియంకి ఇస్తాడనుకుంటే, దేవదానం వైపు చాపాడు.

"మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటాను."

వాళ్లు వెళ్లాక మిరియం ఒక పనీ చెయ్యలేకపోయింది. కొండ మలుపులో ఆవిరి లేస్తున్నట్టు, బావ బానెట్ ఎత్తి తల దించుకుని నిలబడినట్టు ఊహలు. పైనుంచి పాప ఏడుపు వినిపిస్తే వెళ్లి ఎత్తుకుని బాల్కనీలో నిలబడింది. జయమణి కూడా వచ్చి పక్కన నిలబడింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు గానీ, ఇన్నాళ్లుగా ఇంట్లో ముద్ద సరిగ్గా దిగని మొగుణ్ణి చూస్తూనే ఉంది.

"ఏటైనా తప్పు సేసినాడేటే?" అని మెల్లగా అడిగింది.

"చేశాడక్కా. సరిచేశాడు."

జయమణి ఇంకేమీ అడక్కుండా పాపని అందుకుంది.

పసుపు కారు సందులోకి తిరిగొచ్చింది. ఆవిరీ లేదు, వాసనా లేదు. దేవదానం దిగి తాళం ఇచ్చేశాడు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. గురునాథరావు చక్రం ముందు కూర్చుని మిరియం వైపు తల ఊపాడు.

"ముల్లు కదల్లేదు," అన్నాడు. మళ్లీ వస్తానని గానీ, రానని గానీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. పసుపు కారు సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు. గురునాథరావు ఎవరితోనూ అన్నట్టు లేదు. డాక్టరు గారి కారు మామూలుగా వచ్చి మామూలుగా వెళ్లింది. అయితే ఇప్పుడు దేవదానం ఏ ఇంజను మూసేముందైనా ఆగి, "మిరియం, ఓపాలి వచ్చి సూడు," అని పిలుస్తాడు. గొంతులో కోపం ఉండదు, వెటకారం ఉండదు. అవసరం లేదు బావా, నువ్వు చూస్తే చాలదా అనాలని ప్రతిసారీ ఆమె నోటిదాకా వస్తుంది. అనలేదు. చేతిలో పని పక్కన పెట్టి, టార్చి తీసుకుని వెళ్లి వంగి చూస్తుంది. ఆమె చూసి సరే అనేదాకా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడి ఉంటాడు.